జిల్లా పేరు అడిగి రాసిన మందులు

మొదట చెప్పులు జారిపోయేవి. నడుస్తుంటే కాలి నుంచి ఊడి వెనక పడిపోయినా నాకు తెలిసేది కాదు. ఎవరో ఒకరు "అక్కా, నీ చెప్పు ఈడ్నే ఉన్నది" అని పిలిస్తే వెనక్కి తిరిగేదాన్ని. మా ఆయన నవ్వేవాడు, నేనూ నవ్వేదాన్ని. కొన్నాళ్ళకు రొమ్ముల కింద చుట్టూ తువ్వాలతో బిగించి కట్టినట్టు పట్టేయడం మొదలైంది. కాళ్ళు బిగుసుకుపోయేవి. పొద్దున మంచం దిగితే కింద నేల ఉందో లేదో చూసుకుని అడుగు వేయాల్సి వచ్చేది.

మా ఊరు మిర్యాలగూడ పక్కన. మా ఆయన రైస్ మిల్లులో గుమాస్తా. నా పుట్టిల్లు మర్రిగూడ వైపు. జిల్లాలో పేరున్న ఎముకల డాక్టర్ దగ్గరికి వెళ్తే ఆయన తల ఎత్తకుండానే "ఏ ఊరమ్మా?" అన్నాడు. పుట్టిల్లు కూడా చెప్పాను. "ఇంకేముంది, ఫ్లోరైడు. నల్గొండోళ్ళందరికీ ఉండేదే" అని కాల్షియం, నొప్పి మాత్రలు రాశాడు. బల్ల మీద పడుకోమనలేదు. మోకాలి మీద సుత్తితో కొట్టి చూడలేదు. అరికాలు గీకలేదు. ఏడాదికి పైగా ఆ మాత్రలే మింగాను.

ఫ్లోరైడు అబద్ధం అని నేను అనడం లేదు. ఆ నీళ్ళు తాగి నడుము వంగిపోయినవాళ్ళను చూస్తూ పెరిగినదాన్ని. లీటరు నీళ్ళలో ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదంటారు. మా బోర్లలో ఎంత ఉందో చెబితే అప్పట్లో పైనుంచి వచ్చే అధికారులు గ్లాసు ముట్టేవారు కాదు. ఆ కోపంతోనే 1996లో నల్గొండ లోక్‌సభకు 480 మంది పోటీలో నిలబడ్డారు. బ్యాలెట్ కాగితం పుస్తకమంత అయ్యింది. నా మొదటి ఓటు అదే. కాబట్టి ఫ్లోరైడు గురించి నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. నా కోపం వేరే. ఫ్లోరైడుతో ఎముక మందమైనా వెన్నులో నరం నలిగి కాళ్ళు పడిపోవచ్చట. అంటే ఆయన అనుకున్నదే నిజమైనా స్కాన్ తీయించాల్సిందే కదా. జిల్లా పేరు విని జబ్బు తేల్చేశాడు.

బాత్రూంలో పడ్డాక లేవలేదు. హైదరాబాద్, ఎంఆర్ఐ, ఆపరేషన్ అన్నీ ఒక వారంలో అయిపోయాయి. సగం ఆరోగ్యశ్రీ, సగం మా పత్తి చేను. వీపులో డీ4 అనే వెన్నుపూస దగ్గర కణితి, మెనింజియోమా అన్నారు. క్యాన్సర్ కాదు. ఆపరేషన్ చేసిన సార్ మంచి మనిషి. రోజూ సాయంత్రం వచ్చి మంచం అంచున కూర్చుని, ఫైలు వెనక బొమ్మ గీసి చెప్పేవాడు. "ఇది నెమ్మదిగా పెరిగే గడ్డ అమ్మా. ఆర్నెల్లు ముందు వస్తే నడుచుకుంటూ పోయేదానివి" అన్నాడు. ఆయన తప్పేం లేదు, ఉన్న మాట చెప్పాడు. ఆ మాట ఇప్పటికీ మింగుడు పడదు.

ఛాతీ కింద నుంచి కాళ్ళ దాకా స్పర్శ సరిగ్గా లేదు. మూత్రానికి పైపు వేసి ఇంటికి పంపారు.

భయపడిన రాత్రి అసలు హైదరాబాద్‌లో కాదు, మా జిల్లాలోనే. ఇంటికొచ్చాక జ్వరం వస్తే ఒక చిన్న నర్సింగ్ హోంలో చేర్చారు. పదకొండు దాటాక తల వెనక నుంచి నొప్పి లేచింది. తలనొప్పి అంటే నాకు తెలుసు. ఇది అది కాదు. గుండె కొట్టుకుంటున్న ప్రతిసారీ పుర్రె లోపలి నుంచి గుద్దుతున్నట్టుంది. ముఖం మండిపోతోంది, చెమటలు కారుతున్నాయి. సిస్టర్ వచ్చి పారాసిటమాల్ ఇచ్చింది. మళ్ళీ పిలిస్తే బీపీ చూసి, మిషన్ చెడిపోయిందనుకుని ఇంకోటి తెచ్చింది. రెండు వందలు దాటింది. డ్యూటీ డాక్టర్ కుర్రవాడు. నిద్రలోంచి వచ్చి మాత్ర ఒకటి ఇచ్చి, మా ఆయన్ని వరండాలోకి తీసుకెళ్ళాడు. తలుపు మూయలేదు.

"మెదడులో రక్తం చిమ్మిందేమో, హైదరాబాద్ తీసుకెళ్ళాలి. అయినా ఈమె పరిస్థితికి ఎంతవరకు ఖర్చు పెట్టుకుంటారో మీరే ఆలోచించుకోండి" అన్నాడు.

నాకు కాళ్ళు పోయాయి గాని చెవులు పోలేదు.

మా ఆయన ఏం జవాబు చెప్పాడో వినపడలేదు. దాని గురించి తర్వాత నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. ఆ కాసేపట్లో నా బిడ్డ పెళ్ళి దాకా ఆలోచించాను. ఎవరు చూస్తారు, చీర ఎవరు కొంటారు, ఇలాంటివి. దేవుడు గుర్తుకు రాలేదు. అదేంటో.

పక్క మంచం దగ్గర ఒక ముసలమ్మ ఉంది. ఆమె కొడుకు తాటిచెట్టు మీద నుంచి పడ్డాడు, గీత కార్మికుడు. ఏళ్ళుగా మంచంలోనే ఉన్నాడట. ఆమె లేచి వచ్చి నా ముఖం మీద చెయ్యి పెట్టింది, తర్వాత కాలు ముట్టింది.

"సిస్టరమ్మా, ఈమెకు చెమట మొకానికే పడుతున్నది, కాళ్ళకు లేదు సూడు. ముందుగాల పైపు సూడుర్రి. మా పోరనికి గిట్లనే అయితది. సంచిల ఉచ్చ దిగకపోతే తల పగులుతది."

సిస్టర్ "నువ్వు పోయి పడుకో పెద్దమ్మా" అంది. ఆమె పోలేదు. దుప్పటి ఎత్తి చూస్తే పైపు నా తొడ కింద మడత పడి ఉంది. సాయంత్రం నుంచి సంచి ఖాళీగానే ఉందని ఎవరూ గమనించలేదు. స్పర్శ లేదు కాబట్టి నాకూ తెలియలేదు. "లేపి కూసోబెట్టు బిడ్డా" అని మా ఆయన్ని కేకేసింది. ఇద్దరూ కలిసి నన్ను లేపారు, పైపు సరిచేశారు. సంచి నిండుతుంటే చప్పుడు వినపడింది. కాసేపటికి తలలో గుద్దుడు తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయింది.

తర్వాత హైదరాబాద్ సార్ దాని పేరు చెప్పాడు, ఆటోనమిక్ డిస్‌రిఫ్లెక్సియా. వెన్నులో డీ6 పూస దగ్గర గానీ దానికి పైన గానీ దెబ్బ తగిలినవాళ్ళకు వస్తుంది. మూత్రాశయం నిండితే కింది నరాలు రక్తనాళాలను బిగిస్తాయి, బీపీ ఒక్కసారిగా పైకి పోతుంది, ఆపమని మెదడు పంపే కబురు దెబ్బ దాటి కిందికి చేరదు. మలబద్ధకం, బిగుతు బట్ట, పుండు, ఏదైనా కారణం కావొచ్చు. మనిషిని కూర్చోబెట్టి కారణం వెతికి తీసేయడమే మొదటి వైద్యం. చూసుకోకపోతే నిజంగానే మెదడులో రక్తం చిమ్ముతుంది. చదువుకున్నవాడికి తెలియనిది ఆ తల్లికి తెలిసింది. ఆమె ఒంటరిగా రాత్రులు మేలుకుని నేర్చుకున్న చదువు అది.

ఇంట్లో అత్తమ్మ ఫోన్‌లో అలారం పెట్టుకుని రెండు గంటలకోసారి నన్ను పక్కకు తిప్పేది. ఒక్క పుండు పడలేదు నాకు. పెళ్ళైన కొత్తలో ఈవిడతో నాకు పొసగలేదు, ఇప్పటికీ కూర విషయంలో పొసగదు. కానీ నా వీపు ఆమె పెట్టిన భిక్ష. చెర్వుగట్టు అమావాస్యకు మొక్కుకుంది, నన్ను తీసుకెళ్ళి మొక్కు తీర్చింది. దేవుడు చేశాడంటుంది. నేను అలారం చేసిందంటాను. ఇద్దరం కొబ్బరికాయ కొట్టాం.

2016 సెప్టెంబర్‌లో మా మరిది ఫోన్ పట్టుకుని వచ్చాడు. రియో పారాలింపిక్స్‌లో దీపా మాలిక్ షాట్‌పుట్ గుండు 4.61 మీటర్లు విసిరి వెండి పతకం తెచ్చింది, పారాలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ. "చూడు వదినా, ఆమెకు కూడా నీ లెక్కనే వెన్నుల గడ్డ. ఆమె దేశానికి మెడల్ తెచ్చింది, నువ్వేమో మంచం దిగవు" అన్నాడు. ప్రేమతోనే అన్నాడని అందరూ అంటారు. ఆ ఫోన్ లాక్కుని గోడకు కొట్టాలనిపించింది. ఆమె భర్త సైన్యంలో కల్నల్. 1999లో ఆపరేషన్ అయినప్పుడు ఆయన కార్గిల్ యుద్ధంలో ఉన్నాడు, కష్టం తక్కువేం కాదు. అయినా చక్రాల కుర్చీ ఇంటి గడప దాటాలంటే మాకు ఇద్దరు మనుషులు కావాలి. మెడల్ గురించి మరిది మాట్లాడాడు, గడప గురించి మాట్లాడలేదు.

ఆ రాత్రే మళ్ళీ ఆ వీడియో చూశాననుకోండి. ఆమె ముందు ఈత కొట్టింది, తర్వాత ఈటె, ఆపైన గుండు, మధ్యలో మోటార్ సైకిల్ ర్యాలీలు. నన్ను పట్టేసింది మెడల్ కాదు, విసిరేటప్పుడు ఆమెను కుర్చీకి కట్టిన పట్టీలు. నడుము నిలవకపోతే కట్టుకోవచ్చన్నమాట.

సదరం క్యాంపులో వికలాంగుల సర్టిఫికెట్ కోసం క్యూలో ఉండగా ఒక కుర్రాడు కలిశాడు. పోలియో, చంకలో కర్ర, ఈటె విసురుతాడట. "అక్కా, మీ చేతులు బాగున్నయి, ఉత్తగెందుకు కూసున్నరు" అన్నాడు. జాలి లేదు, ఉపదేశం లేదు, అందుకే నచ్చింది. ట్రాక్టర్ ట్రాలీలు వెల్డింగ్ చేసే మిర్యాలగూడ మేస్త్రీ నాకు విసిరే కుర్చీ చేసిపెట్టాడు. దిండుతో కలిపి ఎత్తు 75 సెంటీమీటర్లు దాటకూడదని రూలు. ఆయన దాన్ని నాకంటే గట్టిగా పట్టుకున్నాడు, టేపు పెట్టందే కదలనిచ్చేవాడు కాదు. మూడు కిలోల గుండు, హైస్కూల్ గ్రౌండు, తెల్లవారుజామున సాధన. ఎండెక్కితే చేయకూడదు, ఎందుకంటే దెబ్బ కింద చెమట పట్టదు, ఒంట్లో వేడి బయటికి పోదు. మా నల్గొండ మేలో తడి తువ్వాలు మెడ మీద లేకుండా నేను గడప దాటను.

పరీక్ష చేసి నన్ను ఆటల్లో ఎఫ్54 అనే విభాగంలో పెట్టారు, అంటే చేతులు పనిచేస్తాయి, నడుము పనిచేయదు. రాష్ట్ర స్థాయిలో గుండుకూ ఈటెకూ పతకాలు వచ్చాయి. నా విభాగంలో ఎంతమంది ఆడవాళ్ళు వచ్చారో మాత్రం అడక్కండి. టేబుల్ టెన్నిస్ కూడా ఆడతాను. ఎడమ చేత్తో చక్రం పట్టుకోకపోతే ముందుకు పడిపోతాను, అయినా ఆడతాను.

మొదటి డాక్టర్ దగ్గరికి ఎంఆర్ఐ ఫిల్మ్ పట్టుకుని ఒకసారి వెళ్ళాను. వెలుతురులో పెట్టి చూసి "అప్పుడు మీరు సరిగ్గా చెప్పలేదమ్మా" అన్నాడు. కన్సల్టేషన్ ఫీజు కూడా తీసుకున్నారు.

2019 జనవరి పంచాయతీ ఎన్నికల్లో మా వార్డు మహిళకు వచ్చింది. నిలబడమని అడిగింది పింఛన్ల కోసం నాతో కలిసి మండలాఫీసు చుట్టూ తిరిగినవాళ్ళు. "మెట్లెక్కలేనామె పంచాయతీ ఎక్కుతదా" అని ఒకరు, "జాలితో గెలుస్తది" అని ఇంకొకరు. జైపాల్ రెడ్డి గారు కర్రలతో నడుస్తూనే 1999లో, 2004లో మా మిర్యాలగూడ నుంచి లోక్‌సభకు వెళ్ళారు. అంతకుముందే 1998లో ఉత్తమ పార్లమెంటేరియన్ అనిపించుకున్నారు. ఆయన మాట్లాడుతుంటే ఎవరూ కాళ్ళు చూడలేదు. జాలితో ఓట్లు పడతాయనేవాళ్ళకు ఇంకో సంగతి. మూడు పారాలింపిక్ పతకాలున్న దేవేంద్ర ఝఝారియా 2024లో రాజస్థాన్‌లోని చురు లోక్‌సభకు నిలబడి ఓడిపోయాడు. దీపా మాలిక్ 2019లో బీజేపీలో చేరింది, మరుసటి ఏడాది దేశ పారాలింపిక్ కమిటీకి అధ్యక్షురాలైంది. నేను గెలిచింది ఒక వార్డు. మోరీలు, వీధి లైట్లు, పింఛను కాగితాలు.

మొదటి మీటింగ్ రోజు కుర్చీతో సహా నన్ను ఎత్తుకుని మెట్లెక్కించారు. ఫొటో కూడా తీశారు. ర్యాంప్ కట్టండి అన్నాను. కట్టారు, ట్రాక్టర్ కూడా జారేంత ఏటవాలుగా. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలి, మన అరుగు రెండున్నర అడుగులు, ముప్పై అడుగులు కావాలి అని లెక్క చెబితే "అంత జాగ ఏడుంది మేడం" అన్నారు. మలుపు తిప్పి కట్టొచ్చు అని కాగితం మీద గీసి ఇచ్చాను. వంకలు పెడుతుందన్నారు. ఆ పొడవుకే కట్టారు. ఇప్పుడు దాన్ని ఎక్కువగా వాడేది బియ్యం సంచులు తెచ్చుకునే ముసలివాళ్ళు.

నా పనుల్లో నాకు ఇష్టమైనది పంచాయతీ రికార్డుల్లో ఎక్కడా ఉండదు. చుట్టుపక్కల ఊళ్ళలో తాటిచెట్టు మీద నుంచి పడ్డవాళ్ళ ఇళ్ళకు వెళ్తాను. రెండు గంటలకోసారి తిప్పండి, కుర్చీలో ఉంటే అప్పుడప్పుడు చేతుల మీద పైకి లేవనివ్వండి, పైపు మడత చూడండి, వేడి నీళ్ళ సీసా కాళ్ళ దగ్గర పెట్టొద్దు, కాలినా తెలియదు. మీ ఇంట్లో ఎవరికైనా చెప్పులు తెలియకుండా జారిపోతుంటే, కాళ్ళు బిగుసుకుంటుంటే, ఏ జిల్లా వాళ్ళైనా సరే నరాల డాక్టర్‌కి చూపించండి. ఫ్లోరైడు అంటే ఒప్పుకోకండి, స్కాన్ అడగండి.

తలనొప్పి వస్తే ముందు ఏం చూడాలో ఒక కాగితం మీద రాసి, లామినేషన్ చేయించి కుర్చీ వెనక సంచిలో పెట్టుకున్నాను. ఆస్పత్రిలో చేరితే డ్యూటీలో ఉన్నవాళ్ళకు ఇస్తాను. చాలామంది చదువుతారు, ఒక అమ్మాయి ఫొటో తీసుకుంది. మొన్న ఒకాయన మాత్రం చిరాకు పడ్డాడు.

"మీరేమైనా డాక్టరా?"

"కాదు సార్, వార్డు మెంబర్‌గా చేశాను" అన్నాను.

నవ్వలేదు గాని, దుప్పటి ఎత్తి పైపు చూశాడు.