మెంటర్ దగ్గరికి ఏం పట్టుకెళ్లాలి?

"ఏ పుస్తకం చదవాలి? రోజుకు ఎన్ని గంటలు?" పోటీ పరీక్షలకు దారి చూపే మెంటర్ దొరకగానే చాలామంది అడిగేవి ఇవే. వీటికి జవాబు సిలబస్‌లో, పాత ప్రశ్నపత్రాల్లో దొరుకుతుంది. మన కంటికి ఆనని మన తప్పు పట్టుకోవడమే మెంటర్ అసలు పని. అందుకు వారి ముందు మన పేపర్ ఉండాలి.

మాక్ టెస్ట్ రాసిన రోజే పోయిన ప్రశ్నల్ని నాలుగు కుప్పలు పోయండి: అసలు తెలియనివి, సగం తెలిసి తడబడినవి, ప్రశ్న సరిగా చదవక పోయినవి, టైం చాలక వదిలేసినవి. రెండో కుప్ప పెద్దదైతే కావలసింది రివిజన్, కొత్త పుస్తకం కొంటే అది ఇంకా పెరుగుతుంది. మూడో కుప్పను "సిల్లీ మిస్టేక్స్" అని మనమే కొట్టిపారేస్తాం. "సరికానిది ఏది" అన్న మాటను ప్రతి టెస్టులోనూ దాటేస్తున్నామని నాలుగు పేపర్లు వరుసగా చూసిన మెంటర్‌కే తెలుస్తుంది.

తెలిసీ తెలియక, భయపడి వదిలేసినవీ చూపించండి. నాలుగు ఆప్షన్లుండి, ఒప్పుకు ఒక మార్కు ఇచ్చి, తప్పుకు మూడో వంతు మార్కు కోసే పరీక్షలో గుడ్డిగా పెడితే సగటున మిగిలేది సున్నా. రెండు ఆప్షన్లు కచ్చితంగా కొట్టేయగలిగితే మాత్రం ప్రశ్నకు సగటున మూడో వంతు మార్కు వస్తుంది. అలాంటివి 12 వదిలేస్తే సుమారు 4 మార్కులు చేజారినట్టే. కటాఫ్ దగ్గర ఇది చిన్న సంగతేం కాదు!

డిస్క్రిప్టివ్ జవాబు దిద్దించుకుని పక్కన పెట్టేస్తే లాభం లేదు. రెండు రోజుల్లోపు చూడకుండా మళ్లీ రాసి, పాతదాని పక్కన పెట్టి చూపించండి.

ఒక్కసారికి రెండు మార్పులు చాలు. వాటిని రెండు మాక్ టెస్టుల్లో పరీక్షించాకే మళ్లీ కలవండి. ముగ్గురు మెంటర్లను పెట్టుకుంటే ప్లాన్ వారానికోసారి మారుతుంది, ఏ మార్పు పనిచేసిందో తేలదు.

ఇలాంటి సాయాన్ని వుడ్, బ్రూనర్, రాస్ అనే పరిశోధకులు 1976లో పరంజాతో పోల్చారు. గోడ నిలబడ్డాక పరంజా విప్పేయాలి. అందుకే కలవబోయే ముందు మెంటర్ ఏం చెబుతారో మీరే ఊహించి రాసుకోండి. వరుసగా మూడుసార్లు సరిపోతే, ఇక నెలకోసారి కలవండి.