డాట్సన్ 240జడ్: ఫ్లోర్ రేకులు, వెనక స్పిండిల్ పిన్నుల పని

అమెరికాలోని ఒహైయో రాష్ట్రంలో ఉన్న 1971 మోడల్ డాట్సన్ 240జడ్ బండి, నిస్సాన్ చేసిన స్పోర్ట్స్ కారు. ఛాసిస్ నంబరు హెచ్‌ఎల్‌ఎస్30తో మొదలవుతుంది, అంటే ఎడమ స్టీరింగుతో ఎగుమతికి చేసింది. 240జడ్‌లు మొత్తం లక్షన్నరకు పైగా తయారైతే, సింహభాగం అమెరికాకే వచ్చాయి. అయినా చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లే రాష్ట్రాల్లో అసలు రేకుతో మిగిలిన బండి దొరకడం గగనం. 2393 సీసీ ఎల్24 ఇంజిన్ గట్టిపిండం, ముందు పోయేది బాడీయే. అరిజోనాలాంటి ఎండ ప్రాంతాల బళ్లలో డాష్‌బోర్డు పగిలి ఉంటుంది. అయినా కొనాలంటే అవే మేలు.

తుప్పు మొదట చూడాల్సింది బ్యాటరీ ట్రే కింద. యాసిడ్ కారి అక్కడి రేకును, దాని కింద బాడీ బరువు మోసే ఫ్రేమ్ రైలును (పొడవాటి దూలాన్ని) తినేస్తుంది. తర్వాత ముందు ఫెండర్ల (చక్రాల మీది రేకుల) వెనక సందు: ఆకులు చెత్త పేరుకుని తేమ ఆరదు. లోపల ఫ్లోర్‌కు అంటించిన తారు షీట్ల కిందా నీళ్లు నిలుస్తాయి. వాటి మీద డ్రై ఐస్ (గడ్డకట్టించిన కార్బన్ డయాక్సైడ్) ముక్కలు పరిచి, పెళుసెక్కాక సుత్తితో తడితే పెచ్చులుగా లేస్తాయి. తలుపులన్నీ తీసిపెట్టి చేయాలి, ఆ గ్యాస్ ఊపిరాడనివ్వదు.

ఫ్లోర్ కోసే ముందు బాడీ వంగకుండా తలుపు సందుల్లో అడ్డంగా పైపులు వెల్డ్ చేసి, వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) రెండు వైపులా 2305 మి.మీ. ఉందో లేదో కొలవాలి. ఇది మానేస్తే వెల్డింగ్ అయ్యాక తలుపులు పడవు. కొత్త ఫ్లోర్‌కు 1.2 మి.మీ. రేకు, 0.6 మి.మీ. మిగ్ వెల్డింగ్ వైరు వాడాం. వెల్డింగ్ చుక్క ఇక్కడొకటి అక్కడొకటి పెట్టి, చేయి పెట్టగలిగేంత చల్లారాకే పక్కది. వరసగా లాగిస్తే రేకు వంకరపోతుంది. పాత రేకు మీదే కొత్తది రివెట్లు కొట్టి పుట్టీ పూసిన బళ్లు చాలా ఉన్నాయి. రెండు రేకుల మధ్య తేమ చేరి, పైకి కనబడకుండా అంతా పోతుంది.

వెనక సస్పెన్షన్‌లో అసలు పరీక్ష స్పిండిల్ పిన్ను, అంటే స్ట్రట్‌ను (స్ప్రింగు, షాక్ అబ్జార్బరు కలిసిన భాగాన్ని) కింది ఆర్మ్‌కు కలిపే కడ్డీ. స్ట్రట్ అడుగు కాస్టింగ్ గుండా పొడవునా వెళ్లే ఈ పిన్ను, ఆర్మ్‌లోని రబ్బరు బుష్షుల లోపలి స్టీల్ గొట్టాలతో కలిసి తుప్పుతో ఒకటైపోతుంది. ముందు మధ్యలోని లాక్ బోల్టు తీయాలి, అది ఉండగా ఎంత కొట్టినా పిన్ను కదలదు. పిన్ను కొసల మీద నేరుగా సుత్తి వేస్తే మరలు చితికిపోయి రంధ్రంలో పట్టవు. తుప్పులోకి ఇంకే పెనెట్రేటింగ్ ఆయిల్ రోజుల తరబడి పట్టించి, కాస్టింగ్‌ను వేడిచేసి, పైపుముక్క ఆసరాగా పుల్లర్‌తో లాగడం మొదటి దారి. కుడివైపుది అలాగే వచ్చింది. ఎడమది రాలేదు. కాస్టింగ్‌కు, ఆర్మ్‌కు మధ్య రెండు చోట్లా కోసి, మిగిలిన మొద్దును 20 టన్నుల ప్రెస్‌తో తోయాల్సి వచ్చింది. కోసేటప్పుడు బ్లేడు కాస్టింగ్‌కు తగలకూడదు, ఆ భాగం మళ్లీ దొరకడం కష్టం. కొత్త పిన్నుకు యాంటీ-సీజ్ (తుప్పుతో పట్టేయకుండా పూసే పేస్టు) దండిగా పూసి, పిన్ను మీది గాడి లాక్ బోల్టుకు ఎదురుగా వచ్చేలా తిప్పి దూర్చాం. రబ్బరు బుష్షులు కాబట్టి, చివరి నట్లు బండి బరువు చక్రాల మీద ఉన్నప్పుడే బిగించాలి. గాల్లో బిగిస్తే రబ్బరు మెలిపడి తొందరగా చిరుగుతుంది.

ఇంజిన్ వైపు మిగిలింది ట్యూనింగే. ఇంజిన్ వేడి మీద వాల్వ్ క్లియరెన్స్ (వాల్వు దగ్గర వదలాల్సిన సందు) ఇన్‌టేక్ 0.25, ఎగ్జాస్ట్ 0.30 మి.మీ. పెట్రోలు, గాలి కలిపే రెండు హిటాచి కార్బురేటర్ల మిక్స్‌చర్ నట్లనూ పైదాకా తిప్పి రెండున్నర చుట్లు కిందికి దించి, గాలి ప్రవాహం రెండింటిలో సమంగా వచ్చేదాకా సర్దాలి.