ఖోండలైట్ రాయిని అరగదీసి మైక్రోస్కోపులో చూసేదాకా: నా అనుభవం

ఎమ్మెస్సీ జియాలజీ ప్రాజెక్టుకి మా విజయనగరం జిల్లా రాయే కావాలని పట్టుబట్టి, ఎస్.కోట (శృంగవరపుకోట) దాటాక అరకు ఘాట్ రోడ్డు పక్కన దొరికిన ఖోండలైట్ ముక్క తెచ్చుకున్నాను. ఖోండలైట్ అంటే తూర్పు కనుమల్లో దొరికే, భూమి లోతులో వేడికీ ఒత్తిడికీ రూపం మారిన రాయి. దాన్ని 0.03 మిల్లీమీటర్ల మందానికి అరగదీయాలి, అప్పుడే వెలుతురు అందులోంచి పోతుంది.

టెన్షనంతా ఇక్కడే. ఈ రాయి ఎండకీ వానకీ చివికిపోయి ఉంటుంది, నలిపితే పొడి రాలుతుంది. అందుకే ముందు ఎపాక్సీ (ఆరితే గట్టిపడే జిగురు) పట్టించి, ఆరాక డైమండ్ బ్లేడుతో బిళ్లలా కోయించి, ఒక వైపు నునుపు చేసి గాజు స్లైడుకి అంటించాను. ఇక కార్బొరండం పొడి, నీళ్లు వేసి రుద్దడమే. పొడి మార్చినప్పుడల్లా శుభ్రంగా కడగాలి, ఒక్క ముతక రేణువు మిగిలినా గీతలు పడతాయి.

విసుగు పుట్టించే పనే, కానీ పుస్తకంలో చదివిన సిలికేట్ల నిర్మాణం నాకు నిజంగా అర్థమైంది ఈ రుద్దుడులోనే. సిలికేట్ అంటే ఒక సిలికాన్ చుట్టూ నాలుగు ఆక్సిజన్లు. అభ్రకంలో ఇవి రేకులుగా అల్లుకుంటాయి, రేకుల మధ్య పట్టు తక్కువ, కాబట్టి అది ముందే లేచిపోతుంది. పలుగురాయిలో నాలుగు ఆక్సిజన్లూ పక్క సిలికాన్లతో పంచుకున్నవే, ఎటు రుద్దినా లొంగదు. ఈ రాయిలోని గార్నెట్ అనే ఖనిజం కూడా గట్టిదే, చుట్టూ ఉన్నది అరిగిపోతే అది ఊడి వస్తుంది. అలా ఒక పెద్ద గార్నెట్ పోయింది, చాలా బాధేసింది.

మైక్రోస్కోపులో స్లైడుకి కిందా పైనా రెండు పోలరాయిడ్లు (వెలుతురుని ఒకే దిశలో కంపించనిచ్చే ఫిల్టర్లు) ఒకదానికొకటి అడ్డంగా పెట్టి చూస్తే పలుగురాయి పసుప్పచ్చగా ఉందంటే ఇంకా అరగాలి, బూడిద రంగుకి వస్తే సరిపోయినట్టు. ఆ రంగు వచ్చాక చూశాను: స్టేజి (స్లైడు పెట్టే గుండ్రటి బల్ల) ఎటు తిప్పినా నల్లగానే ఉండే గార్నెట్, దాని లోపల సిల్లిమనైట్ అనే అల్యూమినియం సిలికేట్ ఖనిజపు సన్నటి సూదులు. ఇదంతా ఒకప్పుడు అల్యూమినియం ఎక్కువున్న బంకమట్టి! భూమిలో 20 కిలోమీటర్లకి పైగా లోతుకి దిగి, 800 డిగ్రీలు దాటిన వేడికి బయోటైట్ అభ్రకం విడిపోయి, సిల్లిమనైట్‌తో, పలుగురాయితో చర్య జరిగి గార్నెట్, పొటాష్ ఫెల్డ్‌స్పార్ పుట్టాయి, కొంత రాయి కరిగింది కూడా. దాదాపు 100 కోట్ల ఏళ్ల కిందటి సంగతి. గార్నెట్ కడుపులో సూదులున్నాయంటే సిల్లిమనైటే ముందు పుట్టిందన్నమాట, ఈ వరస నేను కళ్లారా చూశాను.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మాత్రం ముందు క్వారీలోంచి తాజా చార్నొకైట్ (హైపర్‌స్థీన్ అనే ఖనిజం ఉండే గట్టి రాయి) ముక్క తీసుకోండి, పొడి రాలదు, పైగా పై పోలరాయిడ్ తీసేసి స్టేజి తిప్పుతుంటే హైపర్‌స్థీన్ లేత గులాబీ నుంచి లేత ఆకుపచ్చకి మారడం మొదటి స్లైడులోనే కనిపిస్తుంది.