పిరమిడ్ లేని పంద్రాగస్టు

మన బడి పూర్వ విద్యార్థుల సంచికకు ఏదైనా రాయమని కమిటీవాళ్ళు అడిగినప్పుడు లెక్కల సార్ బెత్తం గురించో, టవర్ క్లాక్ దగ్గర పోస్టర్లు చూస్తూ ప్రేయర్‌కి ఆలస్యంగా రావడం గురించో రాస్తాననుకొని ఉంటారు. అవి రాయడానికి మన బ్యాచ్‌లో చాలామంది ఉన్నారు. మన బడిలో చదవని, మనలో ఎవరికీ ముఖపరిచయం కూడా లేని ఒకాయన గురించి నేను రాస్తాను.

2025 నవంబరు 21, శుక్రవారం. దుబాయ్ ఎయిర్ షో చివరి రోజు. అల్ మక్తూమ్ విమానాశ్రయంలో మధ్యాహ్నం విన్యాసాలు చేస్తూ మన తేజస్ యుద్ధ విమానం కూలిపోయింది. నడుపుతున్న పైలట్ చనిపోయారు. అంతవరకు మన టెన్త్ వాట్సాప్ గ్రూపులో ఎవరి పెళ్ళికి ఎవరెవరు వస్తున్నారన్న లెక్కలు నడుస్తున్నాయి. మధ్యలో ఒకడు ఆ వీడియో పడేశాడు. ఇంకొకడు అదే ఇంకో వైపునుంచి తీసింది పెట్టాడు. అరగంటలో గ్రూపు రెండు పార్టీలయింది. మనోళ్ళ విమానాలు ఇంతేనని ఒక పార్టీ, దేశాన్ని తిడతావా అని ఇంకో పార్టీ. బెంగుళూరులో విమానాల పనిలోనే ఉన్న మన మిత్రుడు రాత్రి దాకా నోరు మెదపలేదు. పదింటికి ఒక్క మెసేజ్ పెట్టాడు. "ఆయన పేరు నమాంశ్ స్యాల్. వింగ్ కమాండర్. వీడియోలు తీసేయండప్పా."

స్యాల్‌ది హిమాచల్ ప్రదేశ్‌లోని కాంగ్డా జిల్లా. సుజాన్‌పుర్ టీరా సైనిక్ స్కూల్లో చదివారు. తమిళనాడులోని సూలూరులో ఉండే 45వ స్క్వాడ్రన్ ఆయనది. వైమానిక దళంలో తేజస్ అందరికంటే ముందు అందుకున్న స్క్వాడ్రన్ అదే. భార్య కూడా వైమానిక దళంలో అధికారే. చిన్న పాప ఉంది. కొడుకు విన్యాసాలు చూద్దామని యూట్యూబ్‌లో వెతుకుతుంటే ఆ తండ్రికి ప్రమాదం వార్త కనబడిందని పేపర్లో చదివాను. ఆ ముక్క చదివాక పేపర్ పక్కన పెట్టేశాను.

ఆయన చదివిన బడి పూర్వ విద్యార్థులు కూడా ఎప్పుడో ఇలాంటి సంచిక వేస్తారు. అందులో ఆయన పక్క బెంచీలో కూర్చున్నవాళ్ళు, మెస్‌లో కంచం పంచుకున్నవాళ్ళు రాస్తారు. నాకు ఆ హక్కు లేదు. నాకున్నదల్లా యలహంక.

2011 ఫిబ్రవరిలో పీఈటీ సార్ మనల్ని బెంగుళూరు పక్కన యలహంకలో జరిగే ఏరో ఇండియా ఎయిర్ షోకు తీసుకుపోయింది గుర్తుందా? తెల్లారకముందే బస్సు బయల్దేరింది. కొడికొండ చెక్‌పోస్టు దాటాక చిత్రాన్నం పొట్లాలు విప్పుదామంటే సార్ ఒప్పుకోలేదు, అక్కడికి పోయినాకే అన్నారు. తీరా అక్కడ పొట్లం విప్పేసరికి వైమానిక దళం విన్యాసాల జట్టు సూర్యకిరణ్ బృందం వచ్చేసింది. ఎరుపు, తెలుపు రంగుల కిరణ్ విమానాలు తొమ్మిది, ఒకదాని రెక్క ఇంకోదానికి తగులుతుందేమో అన్నంత దగ్గరగా. తర్వాత తేజస్ లేచింది. విమానం దాటిపోయాక గానీ దాని చప్పుడు మనమీద పడలేదు. ఇప్పుడు ఆ పనిలో ఉన్న మన మిత్రుడు అన్నం ముద్ద చేతిలో పట్టుకొని అట్లనే నిలబడిపోయాడు. ముద్ద ఎండిపోయి వేళ్ళకు అతుక్కుంది. మిగతావాళ్ళం వాణ్ణి చూసి నవ్వాం. వాడి బతుకు ఎటు పోవాలో అక్కడే తేలిపోయిందని ఇప్పుడనిపిస్తుంది.

అదే యలహంకలో 2007లో, షోకు కొద్ది రోజుల ముందు, హెలికాప్టర్లతో విన్యాసాలు చేసే సారంగ్ బృందం ధ్రువ్ హెలికాప్టర్ కూలి స్క్వాడ్రన్ లీడర్ ప్రియే శర్మ చనిపోయారని ఆరోజు మనకు తెలీదు. 2019 ఫిబ్రవరి 19న, షో రేపనగా, రిహార్సల్లో సూర్యకిరణ్ హాక్ విమానాలు రెండు గాల్లోనే ఢీకొన్నాయి. ఇద్దరు పైలట్లు బయటపడ్డారు, వింగ్ కమాండర్ సాహిల్ గాంధీ పోయారు. మనం నోరెళ్ళబెట్టి చూసిన ఆకాశమే అది.

"ఈ సర్కస్ అంతా ఎందుకురా?" అని గ్రూపులో ఒకరు అడిగితే మిత్రుడు ఫోన్లో నాకు చాలాసేపు చెప్పాడు. అక్కడ పైలట్ తన ఇష్టమొచ్చినట్టు తిప్పడు. ఏ మలుపు ఎంత వేగంతో, ఎంత ఎత్తులో అన్నది ముందే రాసి ఉంటుంది. మొదట బాగా ఎత్తులో సాధన చేస్తారు, చేయి తిరిగాక మెట్టు మెట్టుగా కిందికి దిగుతారు. తేజస్ 8 'జి' దాకా, మామూలు బరువుకు ఎనిమిది రెట్ల దాకా, తట్టుకుంటుంది. అంటే గట్టిగా మలుపు తిప్పినప్పుడు 70 కిలోల మనిషి 560 కిలోల బరువు మోస్తున్నట్టే. ఆ బరువు కింద మెడ నిలబెట్టుకొని, ఊపిరి బిగబట్టి, లెక్క తప్పకుండా ఉండాలి. ఎత్తులో ఏదైనా తేడా వస్తే సర్దుకోవడానికి సమయం దొరుకుతుంది. నేలకు దగ్గరగా ఆ సమయమే ఉండదు. పైలట్‌ను బయటికి విసిరేసే ఎజెక్షన్ సీటు నేలమీద ఆగి ఉన్న విమానంలోంచి కూడా మనిషిని కాపాడగలదు గానీ, వేగంగా కిందికి పడుతున్న విమానంలో క్షణం ఆలస్యమైనా చాలు. దుబాయ్‌లో ఏం తప్పిందో చెప్పమంటే మాత్రం వాడు చెప్పలేదు. "విచారణ వేశారు కదా, వాళ్ళు చెప్తారు. యూట్యూబ్‌లో చెప్పేవాళ్ళు ఎట్లాగూ ఉన్నారు" అన్నాడు.

నన్ను ఎక్కువగా పట్టుకున్నది వేరే సంగతి. ప్రమాదం తర్వాత కాసేపటికే అక్కడ విన్యాసాలు మళ్ళీ మొదలయ్యాయి. అమెరికా ఎఫ్-16 ప్రదర్శన బృందం పైలట్ మేజర్ టేలర్ హైస్టర్ ఆ తర్వాత తన పోస్టులో రాశారు. మైదానం ఖాళీ అయి ఉంటుందనుకొని పోతే మైకులో అదే హుషారు, జనం తర్వాతి విమానాలు చూస్తూ ఉన్నారట. స్యాల్ మీద, ఆయన సహచరుల మీద, కుటుంబం మీద గౌరవంతో వాళ్ళ బృందం తమ ప్రదర్శన మానేసుకుంది. ఎయిర్ షో అంటే కోట్ల వ్యాపారం, దేశదేశాల నుంచి కొనేవాళ్ళు వచ్చి కూర్చుంటారు, ఆపడం తేలిక కాదు, ఒప్పుకుంటా. అయినా నా ఓటు హైస్టర్‌కే. దానికి కారణం మన పీఈటీ సార్.

2010 పంద్రాగస్టుకు మనం ఒకరిమీద ఒకరెక్కి నాలుగంతస్తుల పిరమిడ్ వేయాలని నెలంతా ఎండలో తిరిగాం. రెండు రోజుల ముందు రిహార్సల్లో పైవాడు జారి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. వాడిప్పుడు బ్యాంకు మేనేజరు, ఇది చదివి ఫోన్ చేస్తాడు, ఖాయం. ఇంకొకణ్ణి ఎక్కిస్తామని మనం సార్ వెంట పడ్డాం. పెద్ద సార్ కూడా, కలెక్టర్ వస్తున్నారయ్యా, అన్నారు.

"ఎక్కేవానికేం తక్కువ, ఎవడైనా ఎక్కుతాడు. ఆ పిల్లోడు ఆస్పత్రిలో చెయ్యి పట్టుకొని కూచోనుంటే మనం ఈడ చప్పట్లు కొట్టించుకుందామా?" అన్నారు సార్. మూడు రోజులు మనం ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు.

ఆరోజు గ్రౌండ్లో మైకులో పాత లిస్టు ప్రకారం మన బడి పేరు పిలిచారు. సార్ లేచిపోయి, మా ఐటం లేదని చెప్పి, వచ్చి మనతోపాటు కింద కూర్చున్నారు.