కనుబొమ్మలు ఎగరేస్తే

ఇస్తాంబుల్‌లోని ఎమినోను రేవులో గేటు దగ్గర నిలబడ్డ పెద్దాయనను 'కడికోయ్?' అని అడిగాను, ఈ పడవ ఆ రేవుకేనా అని. ఆయన తల కాస్త వెనక్కి వాల్చి, కనుబొమ్మలు ఎగరేసి, నాలుకతో 'చ్' అన్నాడు. మన దగ్గర కనుబొమ్మలు ఎగరేశారంటే 'ఏంటీ?' అని అడిగినట్టే కదా. వినపడలేదేమో అనుకుని గట్టిగా మళ్ళీ అడిగాను. మళ్ళీ అదే. మూడోసారికి ఆయన ముఖంలో విసుగు కనపడింది. ఏదైతే అదవుతుందని కార్డు తాకించి పడవ ఎక్కేశాను. దిగింది ఉస్కుదార్‌లో.

టర్కీలో ఆ సైగకు 'కాదు' అని అర్థమట. సాయంత్రం హాస్టల్లో రిసెప్షన్ అమ్మాయి చెప్పి పడీపడీ నవ్వింది. పోయిందేమీ లేదులెండి, రెండూ బాస్ఫరస్ జలసంధికి అవతల, ఆసియా వైపు రేవులే. కాకపోతే మొదటి రోజే ఖండం దాటి తప్పిపోయానని ఇంట్లో చెప్పలేదు.

ఒంటరిగా విదేశం వెళ్ళడం నాకిదే మొదటిసారి. వచ్చిన రాత్రి బయటికి అడుగు పెట్టలేదు. పాస్‌పోర్టు దిండు కింద పెట్టుకుని, అమ్మ కట్టిచ్చిన చెక్కలు తిని పడుకున్నాను. తెల్లారకముందే అజాన్ వినిపించింది. ఒక మసీదులో ఆపగానే ఇంకోదాంట్లో అందుకుంటున్నారు, ఒకరికొకరు బదులిచ్చుకున్నట్టు. ఇక నిద్ర పట్టలేదు. అలా రోడ్డున పడ్డాను.

భయం పోయింది మాత్రం సిమిత్ బండి దగ్గర. సిమిత్ అంటే నువ్వులద్దిన గుండ్రటి రొట్టె. బండాయనకు నాకంటే పదేళ్ళు ఎక్కువే ఉంటాయి, అయినా నన్ను 'అబ్లా' అన్నాడు. అంటే అక్కా అని! విజయవాడలో కూరగాయల బండి ఆయన పిలిచినట్టే. అన్నకు 'అబి' అనాలని, పెద్దావిడకు 'తెయ్‌జె' అనాలని ఆ రోజే నేర్చుకున్నాను. వరస పెట్టి పిలిస్తే దారి అడగడం ఎంత తేలికో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

రెండో రోజంతా మాటలు ఏరుకోవడమే పనైంది. జేబును 'జెప్' అంటారు, దుకాణాన్ని 'దుక్కాన్', మైదానాన్ని 'మెయ్‌దాన్'. చక్కెర 'షెకెర్'. మాట చివర 'సిజ్' చేరిస్తే 'లేని' అని. 'వార్' అంటే ఉంది, 'యోక్' అంటే లేదు. 'షెకెర్ వార్ మి?' అన్నామంటే 'చక్కెర ఉందా?' అని, అదే వరుసలో, ముక్కకు ముక్క. ఇంగ్లీషు నేర్చుకున్నప్పుడు వాక్యాన్ని తిరగేసుకుని ఆలోచించాల్సి వచ్చేది. ఇక్కడ ఆ బాధ లేదు.

మూడో రోజు శనివారం. నేను మాంసం ముట్టను. 'ఎత్' అంటే మాంసం కాబట్టి 'ఎత్‌సిజ్?' అని అడుగుతూ రెండు హోటళ్ళు తిరిగాను. మూడో చోట 'మెర్జిమెక్ చోర్బాసి' తెచ్చిపెట్టారు. ఎర్ర పప్పు మెత్తగా ఉడికించిన సూపు, పక్కన నిమ్మబద్ద, కారం మిరప పలుకులు. నిమ్మకాయ పిండి, మిరప చల్లి నోట్లో పెట్టుకుంటే తాలింపు వేయడం మర్చిపోయిన పప్పుచారు! రెండు గిన్నెలు తాగాను.

చర్చిగా కట్టి, తర్వాత మసీదై, ఆపైన మ్యూజియమైన ఆయాసోఫియా లోపలికి మాత్రం వెళ్ళలేదు. 2020లో అది మళ్ళీ మసీదైంది. పర్యాటకులను పైఅంతస్తు వరకే పంపుతున్నారు, టికెట్ 25 యూరోలు. 537లో పూర్తయిన ఆ కట్టడం గుమ్మటం కింద నిలబడాలని ఎవరికుండదు? కానీ ఆ లైను చూసి వెనక్కి తిరిగాను. ఆ డబ్బుతో పడవలెక్కాను. మంచి బేరమనే ఇప్పటికీ అనుకుంటాను.

ఈసారి కడికోయ్ పడవే. నడుము సన్నగా ఉన్న చిన్న గాజు గ్లాసులో ఎర్రటి టీ, సాసర్లో రెండు చక్కెర బిళ్ళలు. పాలు ఉండవు. గ్లాసు అంచు పట్టుకోకపోతే వేళ్ళు కాలతాయి. రెయిలింగ్ పక్కన సీగల్ పక్షులు సిమిత్ ముక్కల కోసం అరుస్తున్నాయి. అప్పుడే అమ్మ వీడియో కాల్. అక్కడ మధ్యాహ్నం రెండున్నర, ఇక్కడ పన్నెండు.

"అన్నం తిన్నావా?" అంది.

తల కొంచెం వెనక్కి వాల్చి, కనుబొమ్మలు ఎగరేసి 'చ్' అన్నాను.

"ఏంటే, నన్నడుగుతావేంటి? తిన్నావా లేదా?"