వీరుడి కథ పిల్లలకు ఎంతవరకు చెప్పాలి?

ఏప్రిల్‌లో ఓ శనివారం పొద్దున్నే టెంపీలో రోడ్లు మూసేస్తారు. అరిజోనా స్టేట్ యూనివర్సిటీ స్టేడియం చుట్టుపక్కల వేలమంది పరుగెత్తుతారు. పాట్స్ రన్ అంటారు దీన్ని, 2005 నుంచి జరుగుతోంది. చాండ్లర్, గిల్బర్ట్ వైపు ఉండే మన తెలుగు ఇళ్లలో స్పెల్లింగ్ బీ, కుమాన్, కూచిపూడి వరసలో ఇదీ చేరిపోయింది. "కాలేజీ అప్లికేషన్‌లో రాసుకోడానికి పనికొస్తుంది" అని నాకు మొదట చెప్పినావిడకి ఆ పాట్ ఎవరో తెలీదు.

పాట్ టిల్‌మన్ ఈ యూనివర్సిటీకే ఫుట్‌బాల్ ఆడాడు. ఆయన చొక్కా మీద నంబరు 42. అందుకే పరుగు 4.2 మైళ్లు, అంటే ఏడు కిలోమీటర్లకు కాస్త తక్కువ. చివరికి అందరూ స్టేడియంలోకే వచ్చి 42 గజాల గీత దగ్గర ఆగుతారు. చిన్నపిల్లలకు విడిగా 0.42 మైలు పెడతారు. చదువుకునే రోజుల్లో ఆయన ఈ స్టేడియం లైట్ల టవరెక్కి, పైన ఒంటరిగా కూర్చుని ఆలోచించుకునేవాడట. మా చిన్నోడికి నచ్చింది ఈ ఒక్క సంగతే. "మనమూ ఎక్కొచ్చా?" అని ఇప్పటికీ అడుగుతుంటాడు.

మూడున్నరేళ్లలో 3.84 జీపీఏతో డిగ్రీ పూర్తిచేశాడని చెబితే మనవాళ్ల మొహాలు వెలిగిపోతాయి. 1998లో డబ్బిచ్చి ఆడించే అరిజోనా కార్డినల్స్ ఫుట్‌బాల్ జట్టులో చేరాడు అంటే ఇంకా వెలుగుతాయి. 2002లో 36 లక్షల డాలర్ల కాంట్రాక్టు కాదనుకుని, తమ్ముడు కెవిన్‌తో కలిసి సైన్యంలో చేరిపోయాడు అనేసరికి మాత్రం గరిటె పళ్లెంలో ఆగిపోతుంది. "వాళ్లమ్మానాన్నా ఏమనలేదా?" అని అడిగారు మొన్న మా ఇంటికొచ్చినాయన. శనివారం భోజనాల దగ్గర ఎప్పుడూ ప్యాకేజీలు, స్టాకులు, ఇంటి వడ్డీ రేట్ల మాటలే వింటూ పెరుగుతున్నారు మా పిల్లలు. డబ్బొద్దనుకున్న మనిషి కూడా ఒకడుంటాడని వాళ్లకు తెలియడానికైనా ఈ పరుగు మంచిదే అనుకున్నాను.

మా పెద్దది ఐదో క్లాసు. బళ్లో అంతవరకు చెప్పారు. 2004 ఏప్రిల్ 22న అఫ్గానిస్తాన్‌లో చనిపోయాడనీ చెప్పారు. ఎలా పోయాడన్నది చెప్పలేదు. పరుగుకి ముందురోజు రాత్రి అది బిబ్‌ని, అంటే పరుగు నంబరు కాగితాన్ని, టీషర్టుకి పిన్నీసులతో గుచ్చుకుంటోంది. నాలుగు మూలలూ ముడత లేకుండా రావాలని పీకడం, మళ్లీ గుచ్చడం. తలెత్తకుండానే అడిగింది, "అమ్మా, ఆయన్ని ఎవరు చంపారు?"

మా ఆయన నావైపు చూసి కళ్లతోనే వద్దన్నాడు. ఆయన భయం నాకు తెలుసు. పదేళ్లుగా గ్రీన్‌కార్డు లైన్లో ఉన్న కుటుంబం మాది. ఈ పిల్ల సోమవారం క్లాసులో లేచి వీళ్ల సైన్యం గురించి ఏదో అంటే, ఇంటి నుంచి నేర్చుకొచ్చిందంటారు. ఈ దేశంలో బతకడమంటే ఏం మాట్లాడకూడదో తెలుసుకోవడమే అని మాలో సగంమంది నమ్మకం. మిగతా సగం ఇంట్లో కూర్చుని అమెరికాను తిట్టిపోసి, బయట జెండా చొక్కాలేసుకుంటారు. పిల్లలు రెండూ చూస్తున్నారు.

నేను చెప్పేశాను. ఖోస్త్ అనే చోట కొండల మధ్య ఇరుకు దారి. ఒకే దళం రెండు ముక్కలై వెళ్తోంది. చీకటి పడే వేళ, వెనకొస్తున్న ముక్కలోని సైనికులు గట్టు మీదున్న తమవాళ్లనే శత్రువులనుకుని కాల్చారు. పాట్ పోయాడు, పక్కనే ఉన్న ఓ అఫ్గాన్ సైనికుడూ పోయాడు. తమ్ముడు కెవిన్ అదే దళంలో ఉన్నాడు, అతనికీ నిజం చెప్పలేదు. శత్రువుతో పోరాడుతూ ఒరిగాడని ప్రకటించారు, పోరాటంలో ధైర్యానికిచ్చే సిల్వర్ స్టార్ పతకం ఇచ్చారు, దేశమంతా టీవీలో చూసేలా సంస్మరణ సభ జరిగింది. ఇవన్నీ అయ్యాక, ఐదు వారాలకు ఇంట్లోవాళ్లకు అసలు సంగతి చెప్పారు. తల్లి మేరీ వదల్లేదు. ఒక విచారణ తర్వాత ఇంకో విచారణ జరిగేదాకా పట్టుబట్టింది. 2007లో ఆవిడా కెవినూ కాంగ్రెస్ (ఇక్కడి పార్లమెంటు) ముందు కూర్చుని, తమకు అబద్ధం చెప్పారని చెప్పారు.

మా పెద్దది పిన్నీసు చేతిలో పట్టుకుని కాసేపు ఆలోచించింది. "మరి మెడల్ వెనక్కి తీసుకున్నారా?"

"లేదు. మెడల్‌తో ఇచ్చిన కాగితంలో మాటలు మార్చారు."

"ఎరేజ్ చేసి మళ్లీ రాశారా?" అంది, తన హోంవర్కు గురించి అన్నట్టే.

అప్పటిదాకా సోఫాలో పడుకుని ఉన్న మా అమ్మ లేచి కూర్చుంది. ఆర్నెల్లు ఉండిపోదామని గురజాల నుంచి వచ్చింది. "మన పల్నాట్లో మాత్రం ఏందిలే" అని మొదలుపెట్టింది. నలగామరాజు, మలిదేవరాజు ఒక్క తండ్రి బిడ్డలు. కోడిపందెం దగ్గర చెడి, చివరికి కారంపూడిలో ఒకరినొకరు నరుక్కున్నారు. మలిదేవుడి మంత్రి బ్రహ్మనాయుడి వైపు అరవై ఆరుగురు వీరులు, బాలచంద్రుడు చూస్తే పిల్లాడు. ఎనిమిది వందల ఏళ్లు దాటినా ఇప్పటికీ ఏటా కార్తీక అమావాస్యకి మొదలుపెట్టి ఐదురోజులు వాళ్లను కొలుస్తారు. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని వేళ్లు మడిచి లెక్కపెట్టింది. పోరు కథంతా చెబుతారు, ఎవరి తప్పు ఎంతో ఊళ్లో ప్రతివాడికీ తెలుసు.

"కానీ అమ్మమ్మా, వాళ్లు తెలిసి చంపుకున్నారు. వీళ్లు తెలీక కదా కాల్చింది?"

"తెలిశాక దాచారు గదే!" అంది అమ్మ.

నాకు అంతకంటే బాగా చెప్పడం వచ్చేది కాదు.

మర్నాడు అమ్మ కూడా వచ్చింది. చనిపోయిన మనిషి పేరుతో ఇంత బ్యాండు మేళం, కేకలు చూస్తే నొచ్చుకుంటుందేమో అనుకున్నాను. వర్ధంతి అంటే ఫొటోకి దండ, దీపం, నలుగురికి భోజనం అని హాస్టల్లో చదువుకున్న నా బుర్రలో ఉంది. అమ్మకు అలా లేదు. కారంపూడిలో నాగులేటికి కొణతాలు, అంటే ఆ వీరుల ఆయుధాలు, తీసుకెళ్లేటప్పుడు డప్పులు ఎలా మోగుతాయో చూసిన మనిషి. పరుగు దారి పక్క చెట్టునీడలో నిలబడి, ముక్కూమొహం తెలియనివాళ్లకు కూడా చప్పట్లు కొట్టింది. "మన తిరనాళ్ల కంటే నయమే, తొక్కిసలాట లేదు" అని తీర్పు కూడా ఇచ్చేసింది. ఈ పరుగు డబ్బులు యుద్ధం నుంచి తిరిగొచ్చినవాళ్లకీ, వాళ్ల భార్యలకీ భర్తలకీ చదువుల స్కాలర్‌షిప్పులుగా వెళ్తాయని చెబితే, "అదీ పని" అంది.

మా ఆయన భయపడినట్టే అయింది, సోమవారం మా పిల్ల క్లాసులో మొత్తం చెప్పేసింది, కారంపూడితో సహా. టీచరు ఈమెయిల్ రాసింది. ఆయన గుండె చేత్తో పట్టుకుని తెరిచాడు. ఆ కోడిపందెం కథ గురించి ఇంకా తెలుసుకోవాలని ఉంది, చదవడానికి ఏమైనా పంపగలరా అని అందులో ఉంది. టిల్‌మన్ సంగతి ఆవిడకు ముందే తెలుసట. అయినా మా ఆయన ఒప్పుకోలేదు. ఈ టీచరు కాబట్టి సరిపోయిందంటాడు. అందులోనూ కొంత నిజముంది.

ఇప్పుడు మా పెద్దదానికి కారంపూడి చూడాలని పట్టింది. కార్తీక అమావాస్య ఏ ఏడు థాంక్స్‌గివింగ్ సెలవులకు దగ్గరగా పడుతుందో అమ్మచేత పంచాంగం చూయించి క్యాలెండర్‌లో గుర్తు పెట్టించుకుంది. దానిది నీలం రంగు అమెరికా పాస్‌పోర్టు, ఎప్పుడైనా వెళ్లి రావచ్చు. మా వీసా స్టాంపుల గడువు అయిపోయింది. వెళ్తే తిరిగి రావడానికి కాన్సులేట్‌లో అపాయింట్‌మెంట్ దొరకాలి. అమ్మ తిరుగు టికెట్టుతో పాటు దీన్నొక్కదాన్నీ పంపిద్దామా అని నేను, పదేళ్ల పిల్లనా అని ఆయన, ప్రస్తుతం ఆ వాదన నడుస్తోంది.