అమ్మ ఒక్కతే ఉండగలదా? అమ్మ అపార్ట్‌మెంట్‌లో నా సర్వే

నాన్న పోయాక కూడా అమ్మ విజయవాడ ఫ్లాట్ వదలనంది. హైదరాబాద్‌లో మా పద్నాలుగో అంతస్తులో టీవీ చూస్తూ కూర్చోవడం తన వల్ల కాదట. విజయవాడలోనే ఉండనివ్వొచ్చో లేదో తేల్చుకుందామని, పెద్దవాళ్ళకి అనువైన నగరాల కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ఇచ్చిన చెక్‌లిస్టు ప్రింటు తీసుకుని వెళ్ళాను. రోడ్లు, బస్సులు, ఇల్లు, వైద్యం, గౌరవం... మొత్తం 8 విభాగాలు.

మందుల షాపు, కూరలు, గుడి దగ్గరే. పెన్షన్‌కి లైఫ్ సర్టిఫికెట్ ఇంట్లోంచే, ఫోన్‌కి ముఖం చూపిస్తే అయిపోతోంది. ఫుట్‌పాత్ సంగతి అడక్కండి. ఉన్నచోట టిఫిన్ బండి, లేనిచోట బురద.

అసలు తంతు అపార్ట్‌మెంట్‌లోనే. పార్కింగ్ నుంచి లిఫ్టు దాకా మూడు మెట్లు, పట్టుకోడానికి ఏమీ లేదు. అమ్మ గోడకి చెయ్యి ఆనించి ఎక్కుతుంది. అసోసియేషన్ మీటింగ్‌లో ర్యాంపు అడిగాను. అంగుళం ఎత్తుకి అడుగు పొడవు, మూడు మెట్లు 18 అంగుళాలు, అంటే 18 అడుగులు. "ఒక కారు పార్కింగ్ పోతుంది" అన్నారు ట్రెజరర్. మలుపు తిప్పి కట్టొచ్చని నేను కాగితం మీద గీస్తుంటే సెక్రటరీ గారు అందుకున్నారు: "మీ అమ్మగారిని మీ దగ్గర పెట్టుకోకుండా మా మీద పడేస్తే ఎలాగమ్మా? మంచి ఓల్డేజ్ హోములు వచ్చాయిగా!"

అమ్మ పక్కనే కూర్చుని ఉంది. ఏటా సంక్రాంతికి ఆవిడ చేసిన అరిసెలు తిన్నవాళ్ళు ఒక్కరూ నోరు మెదపలేదు. నాకూ మాట రాలేదు. అమ్మే లేచి, "మెయింటెనెన్స్ అందరికంటే ముందు కట్టేది నేను బాబూ. జనరేటర్ చందా మీది ఇంకా బాకీ ఉంది" అంది. అంతే, తరవాతి అంశంలోకి వెళ్ళిపోయారు.

'గౌరవం' విభాగంలో నేనేం రాశానో ఇక్కడ రాయలేను.

ర్యాంపు రాలేదు. నా డబ్బుతో స్టీలు రెయిలింగ్ వేయించాను. ఇప్పుడు అందరూ దాన్నే పట్టుకుని ఎక్కుతున్నారు, ట్రెజరర్‌తో సహా.

మీరూ చూడాలనుకుంటే పెద్దవాళ్ళని వెంట తీసుకునే తిరగండి, అదీ దీపాలు పెట్టే వేళ. లిఫ్టు ఎన్నిసార్లు ఆగుతుందో వాచ్‌మన్‌ని అడగండి. పెద్దవాళ్ళ హెల్ప్‌లైన్ 14567 ఫ్రిజ్ మీద అంటించండి, కానీ అది రాత్రి 8 దాకానే. అందుకని ఎదురు ఫ్లాట్‌వాళ్ళకి ఒక తాళంచెవి ఇచ్చి ఉంచండి. సెక్రటరీకి మాత్రం వద్దు.